ఐసెన్‌హోవర్ లెక్కలూ, ఆయన దేవుడూ

1944 జూన్ 5న నార్మండీ తీరం మీద దిగాల్సిన సేనల్ని ఐసెన్‌హోవర్ ఒక రోజు ఆపాడు. గాలివాన ఉందని వాతావరణ నిపుణుడు స్టాగ్ చెప్పాడు. మర్నాటికి కాస్త తెరిపిస్తుందని ఆ స్టాగే చెబితే, 6న కదలమన్నాడు. ముహూర్తం పెట్టింది బారోమీటరు! ఓడితే తప్పంతా తనదేనని ముందే ఒక చీటీ కూడా రాసిపెట్టుకున్నాడు.

అంతటి మనిషి, 1953 జనవరి 20న అధ్యక్షుడై, ఫిబ్రవరి 1న బాప్తిస్మం తీసుకున్నాడు. 1954లో బడిపిల్లలు చెప్పే ప్రతిజ్ఞలోకి దేవుణ్ణి చేర్చే చట్టం మీద సంతకం పెట్టాడు. 1956లో దేవుడి మీద నమ్మకమే జాతీయ నినాదమైంది. సోవియట్లు నాస్తికులు కాబట్టి అమెరికా ఆస్తికురాలు కావాలట. ఇదేం తర్కమండీ? మరి దేవుణ్ణి నమ్మని అమెరికన్ ఎవరి పౌరుడు?

రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైన నాకు వేరే ఐసెన్‌హోవర్ నచ్చుతాడు. ఒక భారీ బాంబరు ఖర్చుతో 30కి పైగా ఊళ్ళలో పక్కా బడులు కట్టొచ్చని 1953 ఏప్రిల్ ప్రసంగంలో లెక్కగట్టాడు. మేం ఆడిట్‌లో మంజూరు ఉందా, ఓచరు ఉందా అని మాత్రమే చూసేవాళ్ళం. ఆ సొమ్ముతో ఇంకేం చేయొచ్చనే గడి మా ఫారాల్లో ఉండేది కాదు. 1961 జనవరిలో దిగిపోతూ, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కుమ్మక్కయితే ప్రమాదమని హెచ్చరించాడు. సంతోషమే. కానీ 1953లో వెయ్యి పైచిలుకున్న అమెరికా అణ్వస్త్రాలు 1960 నాటికి 18,000 దాటాయి. ఆ ఏళ్ళన్నీ ఆయన హయామే.