గడువు కోడ్‌కే, డబ్బుకు కాదు

“ఒరేయ్ అబ్బాయ్, డబ్బులు ఎక్స్‌పైర్ అయిపోయాయంటున్నార్రా.”

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కాకినాడ నుంచి మా పిన్ని ఫోను. బాబాయికి కంటి శుక్లం ఆపరేషన్. పొద్దున్నే ఆసుపత్రిలో చేరారు. కౌంటరు దగ్గర ఇంకో ఎనిమిది వేలు కట్టమన్నారు. అక్కడి స్కానరు ఆ రోజు పనిచేయడం లేదు. కార్డు చూస్తే ఊళ్లో బీరువాలోనే ఉండిపోయింది. బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనులో దారి చెప్పాడు. బ్యాంకు యాప్ తెరువు, కార్డు లేకుండా డబ్బు తీసుకునే చోట నొక్కు, ఎంత కావాలో వేయి, కోడ్ వస్తుంది, దాన్ని ఏటీఎంలో కొట్టు. పిన్ని వార్డులో మంచం పక్కన కూర్చునే కోడ్ తెప్పించుకుని బయల్దేరింది.

ఆ కోడ్ ఆ బ్యాంకు ఏటీఎంలోనే పనిచేస్తుంది. మొదటి ఏటీఎంకు ‘నో క్యాష్’ అని అట్టముక్క వేలాడుతోంది. రెండోదానికి షట్టరు సగం దించి ఉంది. ఆటో ఎక్కి మూడోదాని దగ్గరికి వెళితే ఆరుగురు క్యూలో ఉన్నారు. తన వంతు వచ్చి అంకెలు కొడితే మెషీన్ తీసుకోలేదు. అంతలో ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. పక్కనే ఉన్న మందుల షాపు కుర్రాడికి చూపిస్తే చదివి, “ఎక్స్‌పైర్ అయిపోయిందమ్మా” అన్నాడు. ఆవిడ ఆ షాపు మెట్ల మీదే కూలబడి నాకు ఫోన్ చేసింది.

ఆ మాట మన ఇళ్లలో ఎక్కడెక్కడ వాడతామో ఒకసారి తలుచుకోండి. మందుబిళ్లల అట్ట మీద తేదీ దాటితే ఎక్స్‌పైర్ అయింది అంటాం, తీసి చెత్తబుట్టలో వేస్తాం. ఆసుపత్రి వరండాలో మనిషి పోతే, చనిపోయారు అనడానికి నోరు రాక ఎక్స్‌పైర్ అయ్యారు అంటాం. ఈ రెండు అర్థాలు తప్ప పిన్నికి ఆ మాటకు మూడో అర్థం తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. భర్తను ఆపరేషన్ గదిలోకి పంపి వచ్చిన మనిషికి బ్యాంకు పంపిన కబురు అది.

“డబ్బులు ఎక్కడికీ పోలేదు పిన్నీ. ఖాతాలోంచి ఎనిమిది వేలు తీశామని ఇంకో మెసేజ్ ఏమైనా వచ్చిందా?”

“లేదు.”

“అయితే నీ డబ్బు నీ ఖాతాలోనే ఉంది. పోయింది ఆ అంకెలే.”

కార్డు లేకుండా సొంత ఖాతాలోంచి డబ్బు తీసుకునే పద్ధతుల్లో కోడ్ అంటే మెషీన్‌కు మనం ఇచ్చే అనుమతి మాత్రమే. మామూలుగా నోట్లు బయటికి వచ్చేదాకా ఖాతాలో మొత్తం కదలదు. గడువు దాటితే ఆ అనుమతి రద్దవుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. మళ్లీ యాప్‌లోకి వెళ్లి కొత్త కోడ్ తీసుకోవచ్చు. అయితే ఒకటే జాగ్రత్త. రెండో కోడ్ అడిగేముందు బ్యాలెన్సు చూసుకోవాలి. కొన్నిసార్లు ఆ మొత్తాన్ని కాసేపు హోల్డ్‌లో పెడతారు. అలాంటప్పుడు ఖాతాలో తక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, కాస్త ఆగి చూస్తే తిరిగి కలుస్తుంది.

మనం ఇంకొకరికి పంపే కోడ్ సంగతి వేరు. అందుకునేవాళ్లకు ఆ బ్యాంకులో ఖాతా లేకపోయినా ఏటీఎంలో తీసుకోగలిగే ఏర్పాటు అది. అక్కడ పంపినప్పుడే డబ్బు పంపినవాళ్ల ఖాతా నుంచి పక్కకు వెళుతుంది. గడువులోగా ఎవరూ తీయకపోతే తిరిగి పంపినవాళ్లకే చేరుతుంది. కాబట్టి అందుకోవాల్సిన మనిషి బ్యాంకుల చుట్టూ తిరగడం దండగ. పంపినవాళ్లు తమ స్టేట్‌మెంటు చూసుకుని, డబ్బు వెనక్కి రాకపోతే తమ బ్యాంకునే అడగాలి.

నిజంగా గట్టిగా పట్టుకోవాల్సింది ఇంకో సందర్భం. కోడ్ కొట్టారు, మెషీన్ తీసుకుంది, లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు వినిపించింది, నోట్లు మాత్రం రాలేదు. టైం అయిపోయిందని తెరమీద వచ్చింది. ఖాతాలో మాత్రం కోత పడింది. దీన్ని గడువు సమస్యగా చూడకండి. ఇది విఫలమైన లావాదేవీ. దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ ఉంది. లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు ఖాతాలో తిరిగి వేయాలి. సెలవులూ ఆదివారాలూ ఈ లెక్కలోకే వస్తాయి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. ఖాతాదారు అడిగినా అడగకపోయినా బ్యాంకు తనంతట తానే జమ చేయాలి. ఈ వంద రూపాయల సంగతి తెలిసినవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి చూడండి. నేను అడిగాను. మా ఇంట్లో నాతో కలిపి ఇద్దరం.

అలాంటప్పుడు మెషీన్ దగ్గర నుంచి కదిలేముందు గోడ మీదో మెషీన్ మీదో ఉండే ఏటీఎం నెంబరు ఫొటో తీసుకోవాలి, స్లిప్ వస్తే దాచుకోవాలి, వేళ రాసుకోవాలి. బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి దాని నెంబరు అడిగి తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఖర్చేమీ ఉండదు. 14448కు ఫోన్ చేసి ఎలా వెళ్లాలో కనుక్కోవచ్చు. 2021 నవంబర్ 12న ఈ అంబుడ్స్‌మన్ పథకాన్ని దేశమంతటికీ ఒకటిగా కలిపినప్పుడు ఒక మంచి పని చేశారు. కాగితం మీద రాసిన ఫిర్యాదులు తీసుకోవడానికి చండీగఢ్‌లో కేంద్రం పెట్టి, ఏ భాషలో రాసినా తీసుకుంటామన్నారు. అంటే తెలుగులో రాసి పోస్టులో వేయవచ్చు. ఫిర్యాదు తెలుగులో తీసుకోగలిగిన వ్యవస్థకు కబురు తెలుగులో పంపడం ఎందుకు చేతకాదు?

ఆ మాటకు మళ్లీ వస్తాను. ముందు మందుల షాపు కుర్రాడి సంగతి చెప్పాలి. చాలా మంచి పిల్లాడు. పిన్నికి మంచినీళ్లు ఇచ్చాడు. ఆ తర్వాత సాయం చేద్దామని తన ఫోనులో బ్యాంకు కస్టమర్ కేర్ అని వెతికి, పైన కనిపించిన నెంబరు నొక్కబోయాడు. “ఆగు బాబూ, మా అబ్బాయిని అడుగుతాను” అని పిన్ని ఆపిందట. ఆ మాట విని నాకు చెమట పట్టింది. గడువు దాటిన కోడ్ కంటే ప్రమాదం ఇక్కడే ఉంది. అలా వెతికితే దొరికే నెంబర్లలో దొంగలవి కలిసి ఉంటాయి. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, మీ కోడ్ మళ్లీ బతికిస్తాం, ఫలానా యాప్ దించుకోండి, వచ్చిన ఓటీపీ చెప్పండి అంటాడు. అప్పటిదాకా పైసా పోని ఖాతా అరగంటలో ఖాళీ అవుతుంది. గడువు తీరిన కోడ్‌ను ఏ బ్యాంకూ ఫోనులో బతికించదు. బ్యాంకు నెంబరు కార్డు వెనకాల, పాస్‌బుక్కు మీద ఉంటుంది. అక్కడిదే నొక్కాలి. ఒకవేళ మోసపోతే ఆ నిమిషమే 1930కు, బ్యాంకుకు చెప్పాలి. మన చేతులతో మనమే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే అవుతుందని 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అందుకే ఇక్కడ ప్రతి నిమిషానికీ విలువుంది.

గడువే వద్దని నేననడం లేదు. ఫోను ఎవరి చేతిలోనైనా పడొచ్చు, అంకెలు ఎవరైనా తొంగి చూడొచ్చు. రోజుల తరబడి బతికి ఉండే కోడ్ తాళం చెవి గుమ్మంలో వదిలేసినట్టే. నా అభ్యంతరం గడియారం ఎక్కడ మొదలవుతోందన్న దాని మీద. 2019 మార్చిలో స్టేట్ బ్యాంక్ యోనో క్యాష్ తెచ్చినప్పుడు, మనం పెట్టుకున్న ఆరంకెల పిన్, ఫోనుకు వచ్చిన ఆరంకెల నెంబరు కలిపి అరగంటలో వాడాలన్నారు. ఇలాంటి పద్ధతిలో మనం ఇంట్లో ఉండగానే గడియారం తిరగడం మొదలుపెడుతుంది. మెషీన్ ఎంత దూరమో, అందులో నోట్లున్నాయో లేదో, ముందు ఎంతమంది ఉన్నారో దానికి తెలియదు. పిన్ని కాలం అంతా అక్కడే కరిగిపోయింది.

ఏటీఎంలో నోట్లు నింపకపోవడం చిన్న తప్పేమీ కాదు. నెలలో మొత్తం 10 గంటలకు మించి ఒక ఏటీఎం ఖాళీగా ఉంటే దానికి 10,000 రూపాయల జరిమానా అని 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. మంచిదే. కానీ ఆ జరిమానా రిజర్వు బ్యాంకుకు వెళుతుంది. ఖాళీ మెషీన్ ముందు నిలబడి కోడ్ పోగొట్టుకున్న మనిషికి కనీసం నాలుగు మాటల వివరణ కూడా రాదు.

దీనికంటే మెరుగైన పద్ధతి వచ్చింది. 2022 మే 19న రిజర్వు బ్యాంకు, ఏ బ్యాంకు ఏటీఎంలోనైనా యూపీఐతో కార్డు లేకుండా డబ్బు తీసుకునే ఏర్పాటు చేయమని బ్యాంకులకు చెప్పింది. అందులో కోడ్ పుట్టేదే మెషీన్ తెర మీద. అంకె నొక్కితే క్యూఆర్ వస్తుంది, ఫోనుతో స్కాన్ చేసి యూపీఐ పిన్ కొడితే నోట్లు వస్తాయి. దాని గడువు ఇంకా చిన్నది, అయినా బాధ లేదు, ఎందుకంటే అప్పటికి మనిషి మెషీన్ ముందే ఉంటాడు. దాటిపోతే రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టడమే. ఈ సదుపాయం ఉన్న చోట దీన్నే వాడమని నా సలహా. అయితే కెమెరా ఉన్న ఫోను, నెట్ సిగ్నలు రెండూ ఉండాలి. బటన్ల ఫోను వాడే పెద్దవాళ్లకు ఇదీ అందదు.

గడువు తీరడానికీ డబ్బు పోవడానికీ సంబంధం లేదన్నది కొత్త సూత్రమేమీ కాదు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువును 6 నెలల నుంచి 3 నెలలకు తగ్గించారు. అంతమాత్రాన మూడు నెలలు దాటిన చెక్కు ఇచ్చినవాడి బాకీ తీరిపోలేదు, కొత్త చెక్కు రాయాల్సిందే. బ్యాంకులో పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. అయినా ఆ ఖాతాదారో వారసులో వచ్చి అడిగితే బ్యాంకు ఇవ్వాలి. మొబైల్ వాలెట్లు, ప్రీపెయిడ్ కార్డుల విషయంలోనైతే నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది. చివరిసారి డబ్బు వేసిన నాటి నుంచి కనీసం ఏడాది గడువుండాలి. ముగిసే ముందు 45 రోజుల్లో ఖాతాదారును హెచ్చరిస్తూ ఉండాలి. గడువు దాటాక ఎప్పుడొచ్చి అడిగినా మిగిలిన సొమ్ము బ్యాంకు ఖాతాలో వేయాలి. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఆ హెచ్చరిక ఖాతాదారు కోరుకున్న భాషలో పంపాలి.

వాలెట్లో మిగిలిన ముప్పై రూపాయల గురించి తెలుగులో చెప్పాలన్న నియమం ఉన్నప్పుడు, ఏటీఎం ముందు నిలబడ్డ మనిషి ఎనిమిది వేల గురించి ఎందుకు ఉండకూడదు? రిజర్వు బ్యాంకు ఈ ఒక్క వాక్యాన్ని నగదు కోడ్‌లకూ వర్తింపజేయాలి. అందులో రెండు విషయాలు తప్పనిసరి చేయాలి. కబురు ఖాతాదారు భాషలో ఉండాలి. గడువు తీరిందన్న మాట దగ్గర ఆగిపోకుండా డబ్బు ఇప్పుడు ఎక్కడుందో కూడా అందులోనే చెప్పాలి.

బ్యాంకు ఉద్యోగి అయిన ఒక మిత్రుడితో ఈ మాట అంటే ఖర్చు లెక్క చెప్పాడు. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే, అంతకు మించితే రెండు మెసేజ్‌ల డబ్బు అవుతుంది అన్నాడు. నిజమే. ఆ రాత్రి కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాను. ‘మీ కోడ్ గడువు అయిపోయింది. మీ 8,000 రూపాయలు మీ ఖాతాలోనే ఉన్నాయి.’ గుణింతాలు, పొల్లులు, సున్నాలు, ఖాళీలు, చుక్కలు ఒక్కటీ వదలకుండా ఫోను లెక్కపెట్టే పద్ధతిలో లెక్కపెట్టాను. 63 వచ్చాయి. ఒక్క మెసేజ్‌లో పట్టి, ఇంకో ఏడు మిగిలాయి.

పిన్ని ఆ రోజు నేను చెప్పినట్టే చేసింది. మళ్లీ మూడో ఏటీఎం క్యూలో నిలబడి, ముందున్నాయనకు నోట్లు రావడం కళ్లారా చూశాకే ఫోనులో కొత్త కోడ్ తెప్పించుకుంది. రెండు నిమిషాల్లో ఎనిమిది వేలు చేతికొచ్చాయి. బాబాయి కట్టు విప్పాక వాళ్లింటికి వెళ్లినప్పుడు నా కాగితం చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

“ఇది రాస్తే సరిపోయేది కదరా. ఆ మెట్ల మీద కూలబడేదాన్నే కాదు” అంది.