తెగిన తీగ, వెలిగే దీపం

గాలివాన వెలిసిన రాత్రి ఊరు చీకటైతే విద్యుత్ సిబ్బందిని నిందించుట మనకు పరిపాటి. తీగ తెగినను దీపాలు ఆరని రాత్రి అంతకన్న భయంకరమని మేము తలుస్తాము. సాహిత్యం బోధించే మాకు ఇందులో ప్రవేశమేమని విజ్ఞానశాఖ విద్యార్థులు నవ్వవచ్చును!

11 కిలోవోల్టుల తీగ తడిగడ్డిపై పడితే భూమిలోకి పారే విద్యుత్తు సుమారు 50 ఆంపియర్లు. పొడి ఇసుకపై పడితే దాదాపు శూన్యం. ఫీడరు మోసే భారానికి మించిన ప్రవాహాన్ని మాత్రమే పట్టే రిలేకు ఆ స్వల్పం తెలియదు. బ్రేకరు తెరుచుకోదు. వేకువనే పశువులను తోలుకొనిపోయే రైతు పాదమే ఆ తీగను కనుగొంటుంది.

బ్రేకరు తెరుచుకొన్నను దోషస్థానం తెలియదు. ఏ.బి. స్విచ్చులు ఒక్కొక్కటే విప్పి, లైనుకు మరల విద్యుత్తునిచ్చి వెదకుట పాత పద్ధతి. అట్టి పరీక్షలలో నేలబడిన తీగకు ప్రాణం రావచ్చును. దోషప్రవాహం తమ మీదుగా సాగినచో దీపం వెలిగించే సూచికలను లైను పొడవునా బిగిస్తే వెదకవలసిన మేర తగ్గుతుంది. కాని పొడినేలపై స్వల్పప్రవాహాన్ని అవియు పసిగట్టలేవు. అందుకు నిప్పురవ్వల వలన తరంగరూపంలో కలిగే వికృతిని గుర్తించే పరికరాలు వేరుగా కావాలి. కొత్త లైన్లు వేయుటకన్న ముందు, పశువులు మేసే బీళ్లమీదుగా పోయే ఫీడర్లకు వీటిని అమర్చవలెనని మా అభిప్రాయం.