ఇన్వర్టర్ మార్పిడికి గడువు పెట్టండి

ఎన్‌పీడీసీఎల్ సీఎండీ గారికి, హన్మకొండ.

అయ్యా, మా మిద్దె మీది 3 కిలోవాట్ల సోలార్‌లో ప్యానళ్లు బాగానే ఉన్నాయి, ఇన్వర్టరే పోయింది. ఆన్‌గ్రిడ్‌లో అది ఆగితే ఎంత ఎండ కాసినా యూనిట్ పుట్టదు. బిల్లు మళ్లీ మొదలైంది. అమ్మినాయన కంపెనీని అడగమంటాడు, కంపెనీ అమ్మినాయన్ని అడగమంటది. వారంటీ కార్డు మాత్రం బీరువాలో భద్రంగా ఉంది!

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల సబ్సిడీ ఇస్తున్నారు. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత అమ్మినవాళ్లదే. కానీ చెడిన ఇన్వర్టర్‌ను ఎన్ని రోజుల్లో మార్చాలో మా ఒప్పందంలో లేదు. బిగించడానికున్న తొందర మార్చడానికి ఉండదు కదా.

పది రోజుల గడువు పెట్టండి. ఆలోపు స్పేర్ ఇన్వర్టర్ ఇప్పించండి. వినని విక్రేతలను పథకం జాబితా నుంచి తొలగించండి.

ఇట్లు,
మాచారెడ్డి వినియోగదారుడు