బాణాల బొమ్మలో గట్లేవి?

కణ సంకేతాల పాఠం తెరిస్తే ఒకటే బొమ్మ. పైన హార్మోన్, దాని కింద గ్రాహకం, ఆ కింద వరసగా బాణాలు, చివర ఫలితం. ఈ వరస కంఠతా వస్తే విషయం అర్థమైనట్టేనని మన తరగతి గదుల నమ్మకం. దాని వెనక మరో నమ్మకం ఉంది: కణం ఓ నీళ్ల సంచి, అణువులు అందులో అంతటా సమంగా కలిసిపోతాయి, ఎంత ఉందన్నదే లెక్క. ఈ నమ్మకం తప్పు. ఎక్కడ, ఎంతసేపు అన్నవి వదిలేస్తే సంకేతానికి అర్థమే లేదు.

గుండె కణాన్ని చూడండి. అడ్రినలిన్ పైపొర మీది గ్రాహకాన్ని తాకితే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ అణువు పుడుతుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇ1 వల్లా అదే పెరుగుతుంది. బొమ్మ ప్రకారం ఫలితమూ ఒకటే కావాలి. కానీ అడ్రినలిన్ తరహా మందుకు గుండె గట్టిగా కొట్టుకుంటుంది, ప్రోస్టాగ్లాండిన్‌కు ఆ ఊపు రాదు. నలభై ఏళ్ల కిందటే తేలిన సంగతి ఇది. ఎందుకంటే, సైక్లిక్ ఏఎంపీ మేల్కొలిపే ప్రోటీన్ కైనేజ్-ఎ ఎంజైమును ఏకేఏపీ ప్రోటీన్లు ఒక్కోచోట కట్టిపడేస్తాయి. ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైములు పక్కనే ఉండి, పొంగి పారబోయే సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడతాయి. మడికీ మడికీ మధ్య గట్టు ఉన్నట్టే. 2002లో శాస్త్రవేత్తలు జకోలో, పోజాన్ ఎలుక గుండె కణాల్లో ఈ మడులను మెరిసే ప్రోటీన్లతో చూపించారు.

కాలం సంగతీ అంతే. ప్రయోగశాలలో పెంచే పీసీ12 కణాలకు ఈజీఎఫ్ అనే వృద్ధి కారకం ఇస్తే ఈఆర్‌కే అనే ఎంజైము కాసేపు మేల్కొని సద్దుమణుగుతుంది, కణాలు విభజన చెందుతాయి. ఎన్‌జీఎఫ్ అనే మరో వృద్ధి కారకం ఇస్తే అదే ఈఆర్‌కే గంటల తరబడి పనిచేస్తుంది, కణాలు నాడీకణాల్లా తీగలు సాగదీస్తాయి. బాణాలు అవే, నిడివి మారింది, కణం బతుకే మారింది.

పిల్లలకు ముందు సులువైన బొమ్మ చాలదా అంటారు. సులువుగా చెప్పడం మంచిదే, ఉన్న గట్టును చెరిపేసి చెప్పడం మాత్రం తప్పు. ఆ తప్పు పరీక్ష హాలుతో ఆగదు. ఫాస్ఫోడైఎస్టరేజ్‌ను అడ్డుకుని సైక్లిక్ ఏఎంపీని పెంచే మిల్రినోన్ మాత్రలను తీవ్ర హృదయ వైఫల్య రోగులకు ఇచ్చి చూస్తే, మరణాలు 28 శాతం పెరిగాయని 1991లో తేలింది. కారణమంతా చోటేనని నేననను. ఎంత పెరిగిందన్న లెక్క ఒక్కటే రోగిని కాపాడదని మాత్రం అది చాటింది.

అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. మొదటి రోజు ఈ ప్రశ్న వేయండి: సైక్లిక్ ఏఎంపీ రెండుసార్లూ పెరిగింది, గుండె ఒక్కసారే ఎందుకు ఊపందుకుంది? పిల్లలు దాంతో కుస్తీ పట్టాక బాణాలు గీయండి, గట్లతో సహా.