స్టాండు లేకపోతే చాలా?

మదనపల్లె దగ్గర ఒక పాత గుడి. పేరెందుకులెండి, ఆ చుట్టుపక్కల అలాంటివి చాలానే ఉన్నాయి. రిటైరైన తెలుగు మాస్టారొకాయన, నాకు చాలాకాలంగా మిత్రుడు, అక్కడి శాసనం ఫోటో తీసుకుంటానంటే నేనూ వెంట వెళ్ళాను. గోడ నీడలో ఉంది. అక్షరాలు అరిగిపోయాయి. కెమెరా కదలకుండా నిలబడితే తప్ప చదవడానికి వచ్చేలా లేవు. మాస్టారు సంచిలోంచి స్టాండు తీశారో లేదో కాపలా మనిషి వచ్చేశాడు.

"స్టాండుంటే కుదర్దు సార్. సెల్లుతో అయితే ఎన్నైనా తీసుకోండి, నేనేమీ అనను."

అదే సమయంలో మంటపం మెట్ల మీద పెళ్ళి కాబోయే జంట ఒకటి మూడో జత బట్టల్లో నిలబడి ఉంది. చుట్టూ నలుగురు సహాయకులు, వెలుగు విసిరే వెండిరంగు అట్ట, రంగు పొగ డబ్బాలు. స్టాండు మాత్రం లేదు. కనుక వాళ్ళనెవరూ ఏమీ అనలేదు.

కాపలా మనిషిని తప్పుపట్టలేం. ఎవరో ఆయనకు అంతే చెప్పి ఉంటారు. అసలు ఈ స్టాండు గొడవ ఎక్కడిదా అని వెతికితే, 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద మరుసటి ఏడాది కేంద్రం చేసిన నియమాల్లో తేలింది. అందులో నకలు తీసుకోవడం వేరు, చిత్రీకరణ వేరు. ఎనిమిది మిల్లీమీటర్లకు మించని ఫిల్ముతో, స్టాండు అక్కర్లేకుండా, ప్రత్యేకమైన ముందస్తు ఏర్పాట్లేవీ లేకుండా చేతి కెమెరాతో సినిమా తీసినా అది నకలే. అది దాటితే చిత్రీకరణ, దానికి లైసెన్సు కావాలి. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. జేబులో ఉన్న ఫోనుకు అసలు ఫిల్మే లేదు కదా! కానీ ఆ 'ముందస్తు ఏర్పాట్లు' అన్న మాట రాసినవాడు గట్టివాడు. మనిషి చూడ్డానికి వచ్చాడా, వాడుకోవడానికి వచ్చాడా అన్నది ఆ మాటతోనే తేలిపోతుంది. మూడు జతల బట్టలు, పొగ డబ్బాలు ముందస్తు ఏర్పాట్లు కాకపోతే మరేమిటి? అరవై ఏళ్ళు గడిచేసరికి మనకు స్టాండు గుర్తుండిపోయింది, ఆ మాట జారిపోయింది.

లైసెన్సు తీసుకున్నవాళ్ళకు పెట్టిన షరతులు కూడా చదవదగ్గవే. కట్టడానికి దెబ్బ తగిలే పనేదీ చేయకూడదు. రాతికి నీళ్ళు, నూనె, గ్రీజు లాంటివేవీ పూయకూడదు. జనరేటరు దూరంగా పెట్టాలి. చూడవచ్చిన జనానికి అడ్డం రాకూడదు. వీటిలో ఏ ఒక్కటీ కెమెరా గురించి కాదని గమనించండి. మాలాంటి సాహిత్యం మనుషులకూ ఇందులో చురక ఉంది. శాసనం స్పష్టంగా పడాలని అక్షరాల్లో సుద్దపొడి రుద్దేవాళ్ళను నేను చూశాను. వాళ్ళంతా చరిత్రంటే ప్రాణమిచ్చేవాళ్ళే.

ఫోటోల మీద కోపం ఉన్నవాళ్ళకు హంపీ సంగతి చెప్పాలి. అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి 1856లో మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద హంపీని ఫోటోలు తీశాడు. వంద సంవత్సరాలు దాటాక, 1980లలో జాన్ గొలింగ్స్ అనే ఫోటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్ళీ తీశాడు. ఈ రెంటి మధ్య కాలంలో ఏది కూలింది, ఏది మారిందన్నది రెండు ఫోటోలనూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. గ్రీన్‌లాకు స్టాండు లేకపోతే ఆ సాక్ష్యమే లేదు. అదే హంపీలో స్తంభాన్ని తోసి పడేస్తున్న కుర్రాళ్ళ వీడియో 2019 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. కోర్టు తలా డెబ్బై వేల రూపాయల జరిమానా వేసి, పడేసిన స్తంభాన్ని వాళ్ళతోనే నిలబెట్టించింది. వీడియో లేకపోతే వాళ్ళు దొరికేవాళ్ళు కాదు. వీడియో తీసే సరదా లేకపోతే స్తంభమూ పడేది కాదేమో.

2018 జూలైలో కేంద్ర పురావస్తు శాఖ తన రక్షణలోని కట్టడాల్లో ఫోటోలకు తలుపులు తెరిచింది. తాజ్‌మహల్ సమాధి గది, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్‌లకు మాత్రం మినహాయింపు. మంచి పనే. అయితే ఢిల్లీ ఉత్తర్వు ప్రతి కాపలా మనిషి చెవినా పడిందనుకోలేం. పైగా మా వైపు పాత కట్టడాలన్నీ ఆ శాఖవి కావు. పుంగనూరు జమీందారీ ప్యాలెస్ ఉంది. అది కోలారు వైపు సుగుటూరు నుంచి వచ్చిన పాలెగాళ్ళ వంశానిది. ఏటా సుగుటూరు గంగమ్మ జాతరకు ఆ ప్రాంగణమంతా జనమే. అది ఇల్లా, గుడా, చారిత్రక కట్టడమా? జాతర జరిగే రెండు రోజులూ అది ఆ మూడూను. మొక్కు తీర్చుకుంటున్న మనిషి ముఖం మీదికి కెమెరా పెట్టకూడదని రాసి ఉన్న చట్టం నాకు తెలిసి లేదు. పుట్టిన ఊరి మర్యాద ఉంటే చాలు. కుప్పం దగ్గర కంగుంది కొండదీ జమీందారీ చరిత్రే. అక్కడ నాకు భయం ఫోటోలు ఎక్కువవుతాయని కాదు, తక్కువవుతాయని. ఊరి పిల్లలు తమ ఫోన్లతో తీసి దాచినవే రేపటికి గ్రీన్‌లా ఫోటోలు కావచ్చు.

నకలు సంగతికొస్తే, మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ కథ మరీ విచిత్రం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడ బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చాడు. అప్పటి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్‌తో కూర్చుని బాణీ కుదిర్చాడు. ఆయన చేతిరాత అసలు ప్రతిని కాలేజీ డబ్బు ఇబ్బందుల్లో ఒక అమెరికన్‌కు అమ్మేశారని చెప్పుకుంటారు. అదే నిజమైతే ఊరికి మిగిలింది నకలే. నకలును చిన్నచూపు చూసే హక్కు మదనపల్లె వాళ్ళకు లేదు మరి.

గుడికి తిరిగొస్తాను. మాస్టారు స్టాండు మడిచి సంచిలో పెట్టేసి, గోడకు మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి సెల్లుతోనే తీశారు. కాపలా మనిషి పక్కన నిలబడి తన గొడుగు తెరిచి, ఆకుల సందుల్లోంచి పడుతున్న ఎండ చుక్కలకు అడ్డం పెట్టాడు. "ఏముంది సార్ దాంట్లో?" అని అడిగాడు. ఏదో చెరువుకు మాన్యం ఇచ్చినట్టుంది, ఇంటికి పోయి చూసి చెప్తానన్నారు మాస్టారు.

మొదటి రెండు వరుసలు వచ్చాయి. ఇచ్చినవాడి పేరున్న మూడో వరుస చెదిరిపోయింది. స్టాండుకు అనుమతి అడుగుతూ ఉత్తరం రాశాం. జవాబు రావాల్సి ఉంది.