రక్తహీనత సోమరితనం కాదు



షిఫ్టు సగం గడిచేసరికి కళ్ళు తిరుగుతున్నాయని, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదని, కాళ్ళు లాగుతున్నాయని చెప్పే కార్మికులు ప్రతి ఖాతాలోనూ ఉన్నారు. వైండింగు ఖాతాలో పనిచేసే అక్కచెల్లెళ్ళ నోట ఈ మాట మరీ ఎక్కువగా వినబడుతుంది. జాబరు దీనికి పెట్టే పేరు సోమరితనం. గుడ్డలో తప్పు పడితే కూలిలో కోత పడుతుంది. అదే మనిషిని డాక్టరు కనురెప్ప కింద చూసి, రక్తం పరీక్షించి చెప్పే పేరు రక్తహీనత.

ఇది ఏ ఒకరిద్దరి బాధో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం రక్తహీనులు. 2015-16లో స్త్రీలలో ఇది 53 శాతం. అంటే తగ్గవలసినది పెరిగింది.

ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును కండరాలకు మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. ఎర్ర కణాలు సరిగా పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కావాలి. వీటిలో ఏది తగ్గినా మోత సాగదు, ఒంట్లో సత్తువ ఉండదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాముల కంటే తగ్గితే అది రక్తహీనత. గర్భిణిలో ఇది ముదిరితే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం.

ఫోలిక్ ఆమ్లం కథ మన మిల్లులలోనే మొదలైందని ఎందరికి తెలుసు? 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలను పీడిస్తున్న రక్తహీనతను పరిశోధించింది. కూరగాయలు, పండ్లు, మాంసకృత్తులు కరువైన తిండే దీనికి మూలమని గుర్తించింది. ఈస్టు సారం తినిపిస్తే రోగులు కోలుకున్నారని 1931లో ప్రకటించింది. ఆ గుణమిచ్చే పదార్థాన్ని 1941లో అమెరికాలో పాలకూర నుంచి వేరుచేసి, ఆకును సూచించే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ పరిశోధకులకు నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

మిల్లు స్త్రీల రక్తం చూసి లోకం నేర్చుకున్న వైద్యం ఇది. తొంభై ఏళ్ళు దాటినా అది మిల్లు స్త్రీలకే పూర్తిగా అందలేదంటే తప్పు ఎవరిది?

ఆకుకూరలు తినమని సలహా ఇవ్వడం తేలిక. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు స్త్రీకి 29, పురుషునికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పన్నెండు గంటలు సాంచల మధ్య నిలబడి, ఆకలిని చాయ్‌తో చంపుకునే మనిషికి అది ఎక్కడి నుంచి వస్తుంది? పైగా భోజనంతో పాటు తాగిన చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. చాయ్‌కీ భోజనానికీ కనీసం గంట ఎడం ఉంచుదాం. సజ్జ రొట్టె, శనగలు, పప్పు, తోటకూర, మెంతికూర తింటూ పైన నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం పోతుంది. బి12 పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. అప్పు చేసి టానిక్ సీసాలు కొనవద్దు. ముందు రక్తపరీక్ష, తరువాతే మందు. 20 నుంచి 49 ఏళ్ళ స్త్రీలకు వారానికొక ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వాలని 2018లో మొదలైన ‘అనీమియా ముక్త్ భారత్’ పథకం చెబుతున్నది. దానిని ఆరోగ్య కేంద్రంలో అడిగి తీసుకోండి.

యాజమాన్యాలు చేయవలసినది వేరే ఉంది. 250 మందికి మించిన ఫ్యాక్టరీలో క్యాంటీన్ గురించి 1948 చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన భద్రత, ఆరోగ్య కోడ్ కాంట్రాక్టు కార్మికులతో కలిపి 100 మంది ఉన్న చోటికే ఆ ఏర్పాటును తెచ్చింది. కానీ చాయ్, వడాపావ్ అమ్మే గదిని క్యాంటీన్ అనుకోమంటే ఒప్పుకోము. చట్టం అందని చిన్న షెడ్లలో నాలుగు షెడ్ల యజమానులు కలిసి భోజనశాల పెట్టాలి.

మన కోరికలు మూడు: ఏడాదికొకసారి ప్రతి కార్మికునికీ ఉచిత హిమోగ్లోబిన్ పరీక్ష; క్యాంటీన్‌లో సరసమైన ధరకు పప్పు, ఆకుకూర, గుడ్డు; క్యాంటీన్ కమిటీలో కార్మిక స్త్రీలకు చోటు. ప్రతి ఖాతా ప్రతినిధీ ఈ మూడింటినీ వచ్చే చర్చలలో బోనసుతో పాటే బల్ల మీద పెట్టాలి. నూలుపోగు తెగితే సాంచ ఆపి ముడివేస్తాము. మనిషి నీరసిస్తే కూలి కోస్తారా? ఇక సాగనివ్వకూడదు.