ఆ దాది పేరేమి?

రాజమహేంద్రవరము మొదలగు ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీవారికి ధారాదత్తము చేయు ఫర్మానాను రాబర్టు క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలమువలన సంపాదించినది 1765వ సంవత్సరమున. ఇంచుమించుగా ఆ దినములలోనే, 1765-66లో, జాషువా రెయినాల్డ్సు లండనునందు ఆ క్లైవు జ్ఞాతియగు జార్జి క్లైవు కుటుంబమును చిత్రించెను. ఈ జార్జియు మన దేశమున ధనమార్జించి ఇంటికి మరలినవాడే. చిత్రమిప్పుడు బెర్లిను చిత్రశాలలో నున్నది.

అందు తండ్రి కలడు, తల్లి కలదు. చిన్నబిడ్డను పట్టి నిలిపినది మాత్రము తల్లి గాదు. మోకరించియున్న భారతీయ దాది. చిత్రమునకు పెట్టిన పేరులో యజమాని పేరు స్పష్టముగా నున్నది. ఆమె వట్టి "ఇండియా పనికత్తె".

ఆంగ్ల ప్రభువుల తల్లీబిడ్డల చిత్తరువులు కేవలము వాత్సల్యమునకు పుట్టినవి కావు. నేను న్యాయవాదినగుటచేతనో యేమో, నాకవి దస్తావేజులవలె కనబడును. ఆస్తియు బిరుదును జ్యేష్ఠపుత్రునకే సంక్రమించు నా దేశమున, వంశమునకు వారసుడు గలడని గోడకు వ్రేలగట్టిన సాక్ష్యములవి.

అన్నియు నట్టివే యనుట అన్యాయము. ఆ చిత్రకారుడే 1784లో ఆరంభించిన డెవన్‌షైరు డచ్చెస్ జార్జియానా చిత్రమును చూడుడు. ఒడిలోని పసికందు చేతులెత్తి కేరుచున్నది. తల్లియు చేయెత్తి యాడించుచున్నది. పాలిచ్చుటకు కూలిదాదుల నుంచుకొనుట వాడుకయైన యా వర్గమున ఈమె తన బిడ్డకు తానే స్తన్యమిచ్చెను. ఆ ప్రేమ అరువు తెచ్చుకొన్నది కాదు.

పరులను తప్పుపట్టుట సులభము. 1948లో జమీందారీల రద్దుచట్టము వచ్చువరకు మన దివాణములును ఈ తైలవర్ణ చిత్తరువుల మోజు నేర్చినవే. గోడలమీద రాజాగారు, రాణీగారు, యువరాజాగారు. ఎత్తుకొని పెంచిన దాది యేది? అంతదూరమేల? మన యిండ్లలో ఫొటో తీయించునపుడు పనిమనిషిని ప్రక్కకు జరుగుమనువారము మనమే గదా!

బిరుదులు లేని స్త్రీయు చిత్రమునకు తగునని చూపినవాడు మన నగరముననే పుట్టెను. దామెర్ల రామారావుగారు బొంబాయిలో పాశ్చాత్యపద్ధతి నభ్యసించియు గోదావరీతీరపు స్త్రీలను చిత్రించి, 1925లో, ఇరువదియెనిమిదేండ్లయిన నిండకయే, మశూచికమువలన గతించెను. రాజమహేంద్రవరములోని ఆయన చిత్రశాలకు బాలురను గొనిపోవు ఉపాధ్యాయులు రెయినాల్డ్సు క్లైవు చిత్రముయొక్క ప్రతికృతిని గూడ వెంట తీసికొనిపోవుదురుగాక. బిడ్డను పట్టుకొన్న యామె యెవరని యడుగుడు. తల్లియని వారు చెప్పినచో దిద్దుటకు తొందరపడవలదు.